చెవి ఉన్న రూపాయి

పర్లాకిమిడిలో మా పిండిమర ఉన్న సందుకి
ఒడియాలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు.
ఉత్తరాలు రెండింటికీ వస్తాయి.
నా నాణేల సంగతి మాత్రం
ముప్పయ్యేళ్ళపాటు ఏ పేరుకీ అందలేదు.

చోళ్ళు ఆడించినందుకు చేతిలో పడ్డ చిల్లర
రాత్రి మర ఆపాక పాతచీర ముక్కతో తుడిచేదాన్ని.
పిండి ఊడితే అచ్చు తేలుతుంది:
తామరపువ్వు ఇరవై పైసలు,
అంచు వంకీలు తిరిగిన అణా,
నాలుగు పలకల బేడ.
ఎందుకూ కొరగానోళ్ళని తిట్టడానికి వాడే చిల్లు కాణీలు
నా దగ్గర పదకొండున్నాయి.
ఒక్కటీ ఇవ్వను.

అన్నీ హార్లిక్స్ సీసాలో,
సీసా బియ్యం డ్రమ్ములో,
డ్రమ్ము తాళం నా మొలలో.

"ఇలా దాచుకుంటే ఏటి లాభమత్తా,
నలుగురూ చూస్తే కదా" అని
మేనల్లుడు భీమారావు
ఫోన్లో నాణేల పిచ్చోళ్ళ మధ్య నన్ను దించాడు.
బరంపురం పాణిగ్రాహి గారు,
రాయగడలో సిమెంటు కొట్టు కూర్మారావు,
ఎక్కడో నాందేడులో ఒక డాక్టరమ్మ.

బేడ ఫోటో పెట్టాను.
"సంవత్సరం కింద చిన్న వజ్రంలాంటి గుర్తుందా, చూడండి"
అన్నారు పాణిగ్రాహి గారు.
ఉంది.
ఇన్నేళ్ళూ మచ్చ అనుకుని గోటితో గీకిందే
ముంబాయి టంకసాల ముద్రట!
ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఒట్టి సంతోషానికే.
నా మచ్చకి పేరు పెట్టిన మనిషి
ఈ భూమ్మీద ఒకడున్నాడు.

రెండో రాత్రీ నిద్ర పట్టలేదు.
"వెనక కేలండరు మీద కొట్టు పేరు చదివానండీ,
మీది రథం వీధి వెనకే కదా!
సీసా నిండుగానే ఉందే!"
అని నవ్వు బొమ్మ పెట్టాడు కూర్మారావు.
మంచోడే పాపం.
నేను మాత్రం సీసాని
బియ్యంలోంచి చోళ్ళలోకి,
చోళ్ళలోంచి తవుడులోకి మార్చి,
తెల్లారి ఎక్కడ పెట్టానో మర్చిపోయి
మర తెరవకుండా వెతుక్కున్నాను.

అయినా ఫోటోలు ఆపలేదు.
కేలండరు తీసేశాను, అంతే.

ఒక్కటి మిగిలింది.
గుమ్మ కొండలు దిగొచ్చే సోంబారి, సవర ముసిలమ్మ,
మెడలో పేరు నుంచి ఒక రూపాయి తెంపి
"చోళ్ళు ఆడించు, వచ్చే సంతకి విడిపిస్తా" అంది.
అది తుపాను ఏడాది.
ఆ సంత జరగలేదు,
తర్వాత సంతల్లో ఆమె లేదు.

బోడిగుండు రాజు వెండి రూపాయి.
దారం దూర్చడానికి రాజు నెత్తిన
ఎవరో కంసాలి అతికిన చెవి.
వెనక్కి తిప్పితే ఏమీ లేదు,
తీగలూ లేవు, అక్షరాలూ లేవు,
ఆమె రొమ్ముకి రాసుకుని రాసుకుని
సబ్బుముక్కలా నున్నబడింది.

రెండు వైపులా ఫోటో తీశాను.
పంపబోతే బొటనవేలు ఆగిపోయింది.
ఏమంటారో తెలుసు,
"అయ్యో, చెవి అతికేశారా, ధర పోయిందండీ" అంటారు.
తప్పు మాట కాదు.
కానీ నున్నటి వైపుని వేళ్ళతో సాగదీసి పెద్దది చేసి
సిమెంటు కొట్టులో కూచుని చూస్తుంటే,
జాకెట్టు ఎరగని ఆ ముసిలమ్మ మెడ కింద చూసినట్టే
అనిపించింది నాకు.

"ఇది పెట్టలేదేటత్తా?"
"నాది కాదురా."
"మరెవరిది?"
పిండి జల్లించుకుంటూ ఉండిపోయాను.

సంతరోజు దాన్ని కొంగున ముడేసుకుని
మర దగ్గర కూచుంటాను.
కొండ ఆడవాళ్ళు బుట్టలు దించుతుంటే
పేర్లు గలగలమంటాయి,
ఏ పేరులో ఒక పూస ఖాళీ ఉందా అని చూస్తాను.
మొన్నొక పిల్ల, పన్నెండేళ్ళుంటాయేమో,
కొంగులో ఏటని వేలు చూపించింది.
ముడి విప్పి అరచేతిలో పెట్టాను.
ఏ సాల్ది, ఎంతకి, ఎక్కడ దొరికిందని అడగలేదు.
మెడకి ఒక్కసారి ఆనించుకుని
చల్లగా ఉందని నవ్వి
తిరిగిచ్చేసింది.

సాయంత్రం డాక్టరమ్మ అడిగింది,
"కొత్తవేమైనా?" అని.
ఏమీ లేవని రాసి,
చెరిపేసి,
చిల్లు కాణీ ఫోటో ఒకటి పంపాను,
దాని కన్నంలోంచి మా మర కనబడకుండా
వెనక గుడ్డ పరిచి.