కడలి ఆవు వేషం

సిత్రాలో అద్దె హాలు.
"యక్షగానమంటే ఏంటంకుల్?" అన్న పిల్లలే
మడచెట్లై వరసగా నిలబడ్డారు.

కడలి ఆవు వేషం తొమ్మిదేళ్ల హిమజది.
తోక కుట్టింది రాజలింగు.
పగలు సముద్రంలో ఇసుక పోసే లారీ నడిపి,
రెండు శుక్రవారాల నిద్ర మానుకుని,
క్యాంపులో ఏరిన నీళ్ల సీసాలతో.

"ఎవరు మింగిరి నా పచ్చిక, ఎవరు మింగిరి..."
దరువు సగంలో పిల్ల మాట మరిచింది.
హార్మోనియం మీద నా వేళ్లు
అదే మెట్టు పట్టుకుని వేలాడాయి.
ఏసీ ఒక్కటే శ్రుతిలో ఉంది.

చివరి కుర్చీల్లోంచి లేచాడు రాజలింగు.
ఎప్పుడో చిరుతల భాగోతం ఆడిన గొంతు,
డీజిల్ పొగకు గరగరలాడుతూ:
"ఇసుక మింగెను తల్లీ, ఇసుక మింగెను."

హిమజ అందుకుంది. మడచెట్లు అందుకున్నాయి.

చేతిలో లారీ తాళంచెవి అలాగే ఉండిపోయి
అతనొక్కడే చప్పట్లు కొట్టలేదు.