కుచ్చు నానేలోపు

కూర్చో బాబూ, కుచ్చు నాననీ.
పంది వెంట్రుక పొడిగా ఉంటే గీరుతుంది.
మగ్గులో రెండు నిమిషాలు మునిగితేగానీ
మాట వినదు.
ఈలోపు వీటిని ఒక్కోటీ పట్టుకు చూడు.

ఇది ప్లాస్టిక్ పిడి.
పట్నంబజారులో డజను చొప్పున తెచ్చేవాణ్ణి.
చేతిలో ఉందో లేదో
మధ్యలో ఒకసారి చూసుకోవాలి, అంత తేలిక.
సబ్బు తడి తగిలిందా, చేపపిల్లలా జారి
ఎదుటివాడి ఒళ్లో పడుతుంది.
నడుం దగ్గర అచ్చు అతికిన గీత ఉంది చూడు,
రోజుకి నలభై గెడ్డాలు చేసి చేసి
నా బొటనవేలి మీద దానికి జోడుగీత పడింది.

ఆ అద్దం ముందున్న గుండు బొమ్మా?
అదీ ఒకప్పుడు బ్రష్షే.
బండి మీద బొమ్మలమ్మే కొండపల్లి ముక్తేశ్వరం
ఆరు నెలల గెడ్డం బాకీ కింద
పొణికి కర్రతో చెక్కిచ్చాడు.
నడుముకి పంచె, భుజాన కండువా, మెలేసిన మీసం,
నెత్తిన జుట్టేమో పంది కుచ్చు.
చుట్టుగుంట సెంటరంతా వచ్చి చూసిపోయారు.
నీళ్లు తగిలేసరికి ముందు మీసం పోయింది,
కత్తి పెట్టకుండానే.
తర్వాత కండువా. తర్వాత కర్ర నీళ్లు తాగి ఉబ్బి
ఓ ఆదివారం, షాపు కిక్కిరిసి ఉన్నప్పుడు
జుట్టంతా ఊడి ఓ పెళ్లికొడుకు చెంపకి అంటుకుంది.
పారేయబుద్ధి కాలేదు.

ఇదిగో, ఇది కొమ్ముపిడి. గేదెకొమ్ము.
మా నాన్న చేతిది.
ఇత్తడిదైతే పొద్దున్నే చల్లగా అరచేతిని కరుస్తుంది,
ఇది అలాక్కాదు, పట్టుకోగానే వెచ్చబడుతుంది.
చూపుడువేలు ఆనేచోట చిన్న పల్లం ఉంది కదా,
అది తయారుచేసినోడు పెట్టింది కాదు.
నా వేలు అందులో సరిగ్గా కూర్చోదు, కాస్త పొట్టి.
కుచ్చు మాత్రం నాలుగోసారి మార్చాను,
దారంతో బిగించి, లక్క కరిగించి పోసి.
కొత్తలో కట్టచీపురు. వాసన కూడానూ,
వానలో తడిసిన దొడ్డి వాసన.
వేపాకు నీళ్లలో మూడు రాత్రులు ఉంచాను.
ఏడాది తిరిగేసరికి ఒక్కో వెంట్రుక కొస చీలి
రెండై, మూడై,
ఇప్పుడు రాస్తుంటే దూడ నాకినట్టుంటుంది.
గరుకే. కానీ కళ్లు మూతలు పడతాయి.

ఎర్రదారం కట్టిందాన్ని మాత్రం ముట్టుకోకు!
అది యార్డు హమాలీలకి.
సీజన్‌లో వాళ్ల గెడ్డం నిండా మిర్చిఘాటే,
ఎన్నిసార్లు కడిగినా కుచ్చు మొదట్లో దాక్కుంటుంది.
ఒకసారి తెలీక బ్యాంకు గుమాస్తాకి అదే రాశాను.
నురగ మొహంతోటే రోడ్డు దాటి
సోడాబండి దగ్గరికి పరిగెత్తాడు పాపం.

అన్నిట్లో ఏది మేలంటావా?
దర్జీ ఖాదర్‌వలీ అని ఒకాయన వచ్చేవాడు.
మొదటిరోజు మగ్గులోకి చూసి, మెల్లగా,
"ఏం వెంట్రుకయ్యా అది?" అన్నాడు.
మేక అంటే సరిపోయేది. నోరు రాలేదు.
ఆయన సగం లేచాడు.
నేను చేతులు కడుక్కుని, కొత్త సబ్బు విప్పి
అరచేతిలోనే నురగ తీశాను.
పదకొండేళ్లు, వారానికి రెండుసార్లు.
ఎడమ దవడ కింద వెంట్రుక సుడి తిరుగుతుందనీ,
మొన్న పీకించిన పన్ను ఏ వైపుదనీ,
చివరి రంజాన్‌కి బుగ్గలు ఎంత లోపలికి పోయాయనీ
వేళ్లకి తెలిసేది.
ఏ పిడి పట్టుకున్నా ఇదంతా పైకి రాదు, బాబూ.
ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

సరే, నానింది.
తల వెనక్కి వాల్చు. కొమ్ముదే రాస్తాలే.
అవునూ,
యార్డులో పనా నీది?
ముందే చెప్పు.