బోరింగుకు మొదటి చెంబు

మా అత్త సాయవ్వ గుడికి పోవుడు తక్కువ.
తెల్లారంగ మంచం దిగేముందు
"నీ మీద అడుగు వెడుతున్ననే" అని
నేలకు చెప్పి దిగుతది.
ఆ దిగుడుకే పావుగంట.
మర్రిగూడ నీళ్లు నలభై ఏండ్లు తాగిన మోకాళ్లు.

సీతాఫలం తెంపేటప్పుడు కొమ్మను అడుగుతది.
కొమ్మ ఏమంటదో నాకు ఇనరాదు.
ఒక్కోనాడు ఉత్త గంపతోనే వస్తది,
"ఇయ్యాల వద్దన్నది" అనుకుంట.
అంగట్ల కిలో అరవై పలికిన నాడు గూడ.

మొదటి రొట్టె తునక గోడ మీద పెడుతది.
కాకి రాకుంటే ఉడుత, అదీ రాకుంటే చీమలు.
"ఎవరి పేరు మీద పెడుతున్నవు?" అంటే
"పేరెందుకే, ఆకలున్నది గద."

నల్లాలల్ల కృష్ణ నీళ్లు వచ్చిన పొద్దు
ఊరంత బిందెలు తోముకున్నది.
మా అత్త మొదటి చెంబు పట్టుకొని
గోడలు ఆసర చేసుకుంట, ఒంగి ఒంగి,
ఎర్ర రంగు పూసి మూసేసిన
బోరింగు కాడికి పోయింది.
తుప్పు వట్టిన దాని మూతి మీద పోసింది.

నాకు ఒళ్లు మండింది.
"నీ బొక్కలు తిన్నదే అది!"

చెంబు బోర్లించి
ఆఖరి చుక్క రాలేదాక ఆగింది.
"దాని కడుపుల ఏమున్నదో దానికేమెరుక?
ఉన్నది పెట్టింది.
కరువుల నీ పెనిమిటికి లాల పోసింది
దీని నీళ్లతోనే."

చెయ్యి ఆ హ్యాండిల్ మీదనే ఉన్నది,
బర్రె నుదురు నిమిరినట్టు.

"ఇంకో చెంబు పట్టుకరా.
దూప తీరలే."

నల్లా సన్నగ కారుతున్నది.
వెనుక బిందెలోళ్లు తిడుతున్నరు.
చెంబు నిండలే ఇంకా.