తుల్లాబిన్, జనాభా 212

ఊరి మొదట్లో బోర్డు మీద అలా ఉంటుంది.
ఎవరైనా పోయినా పుట్టినా
మెర్వ్ హోఫ్‌మన్ నిచ్చెన వేసుకొచ్చి అంకె మారుస్తాడు.
మూతపడ్డ హార్డ్‌వేర్ షాపులో మిగిలిన స్టిక్కర్లు
ఆయన దగ్గర బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి.
సున్నాలే ఎక్కువ మిగిలాయని చెప్పి నవ్వుతాడు.
నవ్వాలో వద్దో తేలక నేను బస్సు అద్దం తుడుస్తాను.

నాది బడి బస్సు.
పొద్దున ఏడుంబావుకి బయల్దేరితే
నలభై ఒక్క కిలోమీటర్లు, ఆరు స్టాపులు, ఏడుగురు పిల్లలు.
స్టాపంటే ఒక పాల క్యాను,
లేకపోతే పాత ఫ్రిజ్జుతో చేసిన ఉత్తరాల పెట్టె.
హోఫ్‌మన్ రోడ్డులో హోఫ్‌మన్‌లు లేరు.
స్కూల్ రోడ్డులో స్కూలు లేదు.
స్టేషన్ వీధిలో స్టేషనైతే ఉంది,
ఆగే రైలే లేదు.
రాత్రి రెండింటికి గోధుమల రైలొకటి
మంచాలు కదిపి పోతుంది.
విక్టోరియాలో ఈ మూల
గింజకున్న ప్రయాణం మనిషికి లేదు.

పిడుగురాళ్ల డిపోలో పదకొండేళ్లు కండక్టర్ని.
అక్కడ నా గొడవ వేరు.
నలభై ఎనిమిది సీట్లకు నూటపది తలలు.
ఒంటికాలి మీద నిలబడి, మిరప బస్తాల ఘాటుకు తుమ్ముతూ
స్టేజీ స్టేజీకీ ఎస్సార్ రాసేదాన్ని.
ఒక్క తల తేడా వచ్చిందా,
చెకింగ్ వాళ్లు నడిరోడ్డు మీద బస్సాపి
నా పరువు దులిపి ఆరేసేవాళ్లు.
"జరగండమ్మా, లోపలికి జరగండి":
ఆ మాట గొంతులోనే తుప్పు పట్టింది.
ఇక్కడ ఎవర్ని జరగమంటాను,
మనిషికో మనిషికో మధ్య మైలు దూరం.

అయినా అలవాటు చావదు.
తలుపు మూసి "రైట్ రైట్" అంటాను.
మొదటి రోజే టిల్లీ లేచొచ్చి సరిదిద్దింది:
"ఇక్కడ ఎడమకు కదా తిరగాలి?"
ఇప్పుడు ఏడుగురూ కలిసి అరుస్తారు.
అందులో నో మూ గొంతే పెద్దది.
బాతుల ఫ్యాక్టరీలో వాళ్లమ్మకు రాత్రి షిఫ్టు,
ఆ పిల్ల నిద్రలో సగం నా బస్సుదే.

మార్చిలో రవాణా ఆఫీసు నుంచి కాగితం:
వరసగా రెండు టర్ములు ఏడుకు తగ్గితే
రూటు ఎత్తేస్తారు.
అదే వారం డెక్లన్ వాళ్లు ఇల్లు సర్దేశారు.
జిలాంగ్‌లో వాళ్ల నాన్నకు గోడౌన్ పని.
ట్రైలర్ మీద పరుపులు, కోళ్లగూడు, ఒక తిరగేసిన సైకిలు.
నేను హారన్ కొట్టాను.
వాడు తలెత్తలేదు.

సాయంత్రం మెర్వ్ వచ్చాడు.
"ఏడనే రాసెయ్, ఎవరొచ్చి లెక్కపెడతారు?
లేదంటే నన్ను రాసుకో,
మూడో క్లాసు లెక్కలు నేనింకా పాసవలేదు."
ఆయనకు ఎనభై రెండు.
కాగితంలో గడి చాలా చిన్నది.
టీ చల్లారిపోయింది, పెన్ను గడి మీదే ఉంది.

ఆరు రాశాను.
ఎందుకని అడగొద్దు.
ఇన్నేళ్లు తలలు లెక్కపెట్టిన వేలు
లేని తల మీద ఆనలేదు.

మెర్వ్ నాలుగు రోజులు పలకలేదు.
అయిదో రోజు నిచ్చెనెక్కి, నలుగుర్ని తీసేసి, 208 చేశాడు.
"ఒక సున్నా ఖర్చయింది" అన్నాడు
కింద నిచ్చెన పట్టుకున్న నాతో.

రెండో టర్ము ఇంకా ఉంది.
ఫ్రిజ్జు పెట్టె దగ్గర నేనింకా బ్రేకు వేస్తున్నాను,
టైం టేబుల్లో ఉంది కాబట్టి.
తలుపు తెరిస్తే దుమ్ము ఎక్కుతుంది, రెండు ఈగలూ.
తీగ మీద గులాబి రొమ్ముల గాలా పిట్టలు
తూలుతూ మా వంక చూస్తాయి.
అర నిమిషం.

ఇవాళ నో మూ కళ్లు తెరవకుండానే
కిటికీ వైపు ఒత్తుకుని పక్కన చోటు చేసి
"జరగండి, జరగండి" అంది.
ఆ మాట దాని ముందు నేనెప్పుడన్నానో
నాకు గుర్తు లేదు.