జరగడం

పెరంబూరులో మా పిల్లల బడి గేటు పక్కన
సిమెంటు అరుగు ఒక్కటే.
మూడుంబావుకల్లా నిండిపోతుంది:
రెండో తరగతి తల్లులం ఆరుగురం,
మా సంచులు ఇంకో ఇద్దరు.

అతను ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడతాడు.
బిపిన్ మాఝీ. ఒడిశా.
ఏటీఎం కాపలా చొక్కాకి పైగుండీ లేదు,
చేతిలో కూతురి నీళ్ళసీసా.

"ఆడవాళ్ళ మధ్య ఎలా కూచుంటాడులే" అంది పూంగొడి.
నేనూ తలూపాను.
తలూపడం నాకు బాగా వచ్చు.
పుత్తూరు నుంచి వచ్చిన మొదటేడాది
అరవం ముక్క రాక
అన్నిటికీ తలూపే నెట్టుకొచ్చాను.
బడికి సెలవని తెలియక
పులిహోర డబ్బాతో పిల్లాణ్ణి
తాళం వేసిన గేటు ముందు నిలబెట్టినదాన్ని.
అప్పుడు పూలమ్మే ముసలామె ఎవరో
కుచ్చిళ్ళు దగ్గరకు లాక్కుని
ఇదే అరుగు మీద జానెడు చోటు చూపించింది.
పేరైనా అడగలేదు నేను.

మొన్న శుక్రవారం పిల్లలందరూ తెల్లచొక్కాలు.
అతని కూతురొక్కతే నీలం.
మేమెవ్వరం చెప్పలేదు.
చెప్పకూడదనీ అనుకోలేదు, అదే బాధ.

ఇవాళ సంచులు ఒళ్ళోకి తీసుకుని
"కాస్త జరగండి" అన్నాను,
తొందరలో తెలుగులోనే.
మన మాటలో ఉన్న తమాషా
వాళ్ళకెలా చెప్పను?
జరిగితేనే కదా
ఏదైనా జరిగేది.

పూంగొడి విసుక్కుంటూనే జరిగింది.
అతను అంచున కూచున్నాడు,
సగం అరుగు మీద, సగం గాల్లో.

"మీ ఊళ్ళో వానలా?"
రోడ్డు వైపు చూస్తూ అడిగింది పూంగొడి, అరవంలో.
అతను తలూపాడు.
ఏం అర్థమైందో,
మళ్ళీ తలూపాడు.