ఉతుకుడు పద్దు

(టొలీడో, ఒహాయో. 1974)

జులైలో వచ్చింది మొదటి మూట.
నలభై నాలుగు జెర్సీలు,
ఇంకా కొత్త మడత విడనివి,
నారింజకీ తుప్పుకీ మధ్య ఏదో రంగు,
రొమ్ము మీద మంట బొమ్మ.
మా ఊళ్ళో గాజు ఫ్యాక్టరీలున్నాయి కదా అని
జట్టుకి "కొలిమి" అని పేరు పెట్టారు.
మా ఆయన గేజా ఆ కొలిమి ముందు
ముప్ఫై ఏళ్ళు నిలబడ్డాడు,
కనుబొమలు మళ్ళీ మొలవలేదు.
పేరు బాగుందా అని ఆయన్నెవరూ అడగలేదు.

యజమాని వెండెల్ ప్రూయిట్.
చక్రాల ఇళ్ళు అమ్మేవాడు. తెల్ల బూట్లు.
"ఏడాది తిరక్కుండా
పెద్ద లీగు మన గుమ్మంలో నిలబడుతుంది, మిసెస్ ఓరోస్"
అన్నాడు కౌంటర్ మీద అరచెయ్యి ఆనించి.
చెయ్యి తీశాక చూశాను,
అద్దం మీద చెమట అచ్చు.
లెక్క నెలాఖరుకి, అన్నాడు.
ఏ నెలో చెప్పలేదు.

ఉతికేవాళ్ళు ఆట చూడక్కర్లేదు.
పచ్చ మరక మోచేతి మీదుంటే పడ్డాడని,
వీపు మీదుంటే పడగొట్టారని.
పన్నెండో నంబరుది ఎప్పుడూ వీపే.
బడిలో జామెట్రీ చెప్పే అబ్బాయట.
అతను విసిరే కోణాలన్నీ సరైనవేనట,
అందుకునేవాడే ఆ కోణంలో ఉండేవాడు కాదు.
అరవై ఏడుది చంక దగ్గర చిరిగేది.
కుట్టాను, చిరిగింది, కుట్టాను, చిరిగింది.
చివరికి లోపల మా గేజా పాత చొక్కా గుడ్డ వేసి కుట్టాను.
కుట్టుకూలి పద్దులో రాయలేదు,
ఎందుకో.

ఆగస్టులో ముప్ఫై వేల మంది వచ్చారని పేపర్లో వేశారు.
రెండు రొట్టెలు కొంటే టికెట్టు ఉచితం,
నా డ్రాయర్లోనే ఆరున్నాయి.
సెప్టెంబరులో మొదటి చెక్కు తిరిగొచ్చింది.
అక్టోబరులో రెండోది,
దానితో పాటు ఓ క్షమాపణ చీటీ,
చీటీ చుట్టూ బంగారు అంచు.
అప్పు చేసి పప్పు కూడు అంటారు గానీ
వీళ్ళ పప్పులో నెయ్యి కూడా అరువే.

టల్సాలో హోటలువాళ్ళు హెల్మెట్లు పట్టుకున్నారట.
చేతిలో పడందే తాళం తిప్పనన్నాడట బస్సు డ్రైవరు.
కోచ్ తన వాచీ విప్పిచ్చాడని విన్నాను.
నేను మాత్రం ఏం తక్కువ?
నవంబరు రెండో వారం మూట కట్టి
డ్రయ్యర్ల వెనక గదిలో పడేసి తాళం వేశాను.
నాలుగు వందల పన్నెండు డాలర్లు, ఇచ్చి తీసుకెళ్ళండి.
ప్రూయిట్ ఫోను మోగింది, మోగింది, మోగింది.

శనివారం పొద్దున్న ఏడింటికి తలుపు తట్టారు.
బయట వరస.
చెవుల దాకా కాలర్లెత్తుకున్న మనుషులు.
నేను వాళ్ళ మొహాలెప్పుడూ చూడలేదు.
"పన్నెండు" అన్నాడు ముందున్న సన్నటివాడు,
చిల్లర పోస్తూ.
"నా ఒక్కదానికి ఎంత?"

భాగించాను. తొమ్మిది డాలర్ల ముప్ఫై ఆరు సెంట్లు.
జీతాలు లేక ఏడు వారాలట.
ఆ మధ్యాహ్నం ఆటకీ రాదట.
మరెందుకు, అని నోటిదాకా వచ్చింది.
మింగేసి రసీదులు రాశాను,
రసీదుకి పేరు కావాలి కదా:
రాండల్ స్కీన్. టోబియస్ మెక్రీ. కార్లిస్ బ్రాంట్.
బ్రాంటే అరవై ఏడు,
నా ఊహలో కంటే పొట్టి.
జెర్సీ తిరగేసి, లోపలి అతుకు మీద బొటనవేలు పెట్టి,
"మీరేనా?" అన్నాడు.

షాపు మూసి వెళ్ళాను. పదకొండేళ్ళలో మొదటిసారి.
మంచు పడుతోంది.
జనాన్ని నేనే లెక్కపెట్టగలను.
స్కోరుబోర్డుకి కరెంటు తీసేశారు,
ఓ కుర్రాడు నల్లబల్ల మీద సుద్దతో రాస్తున్నాడు,
మంచు తుడిచేస్తోంది, మళ్ళీ రాస్తున్నాడు.
ఇరవై ఒకటి, ఆరు. ఓడిపోయారు.
ఆ ఆరు ఎలా వచ్చాయో చూడలేదు,
అప్పుడే కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాను.

సోమవారం రేడియోలో, పందుల ధరల తర్వాత,
లీగు ఇక లేదన్నారు.
ఆ రోజు మూట రాలేదు.
నీళ్ళు కాగబెట్టి కూర్చున్నాను, అలవాటుగా.

నలభై మూడు మంది తీసుకెళ్ళారు.
ఇరవై తొమ్మిది రాలేదు,
బంతి తన్నే కుర్రాడు,
అంతకుముందే ఏదో బస్సెక్కేశాడట.
అతనిది ఎప్పుడూ శుభ్రంగానే వచ్చేది,
ఒక్క గడ్డి మరక ఉండేది కాదు.
అయినా ప్రతివారం ఉతికాను.
పద్దులో ఇంకా ఉంది:
జెర్సీ, ఒకటి. తొమ్మిది ముప్ఫై ఆరు.