లేసులో చిల్లులు

ఆ యేడు రంజాను చలికాలంలో పడింది.
నరసాపురం రేవులో పంటు
పొద్దు పదైనా కదిలేది కాదు.
అవతల సఖినేటిపల్లి ఉందో లేదో
మంచుకే తెలియాలి.

మా అరుగు మీద ఎప్పట్లాగే పిల్లలు.
దారం ఉండలు చుడతామని వస్తారు,
చుట్టేది తక్కువ, చిక్కు చేసేది ఎక్కువ.
తెల్లారగట్ల గొబ్బిళ్ళు పెట్టొచ్చిన వల్లీశ్వరి
వేళ్ళ సందుల్లో ఇంకా పేడ పచ్చదనం.
తిమోతి గొంతు బొంగురు,
మూడు రాత్రులుగా క్యారల్స్ వాళ్ళతో
కాలవగట్టు పొడుగునా పాడిన గొంతు.
కౌసర్‌కి ఆ రోజు మొదటి రోజా.
తొమ్మిదేళ్ళది. ఉమ్మి మింగొచ్చా అని
పొద్దుట్నించీ మూడుసార్లు అడిగింది.
నన్నడిగితే నేనేం చెబుతాను?

తుపాను యేటి నుంచీ
దేవుడితో నాకు మాటల్లేవు.
పోట్లాట కాదు, అలక.
నా మానాన నేనూ, సూదీ దారమూ,
డజనుకింతని లెక్కగట్టే ఏజెంటు పుల్లంరాజూ.

పిల్లలు మాత్రం ఆయన్ని వదలరు.
పక్కవీధి పెద్దాయన సంగతి అడిగినట్టు అడుగుతారు:
దేవుడికి చలేస్తుందా?
వేస్తే దుప్పటి ఎవరు కప్పుతారు?
మా గుళ్ళో స్వామికి శాలువా కప్పారు, నేను చూశా, అంది వల్లి.
పశువుల పాకలో పుట్టాడుగా, గడ్డి ఉంటుంది, అన్నాడు తిమోతి.
కౌసర్ చాలాసేపు గోడకేసి చూసి,
మా నాన్న ఏటా పది దుప్పట్లు పంచుతాడు,
అందులో ఒకటి ఆయనకి చేరుతుందేమో, అంది.

నేను కుట్లు లెక్క తప్పాను.
ఇరవై ఏడు దగ్గర ఆగి మళ్ళీ మొదటికి.

మధ్యాహ్నం తిమోతి జేబులోంచి
దోరజామకాయ తీశాడు.
కొరకబోయి, కౌసర్ వంక చూసి
మళ్ళీ జేబులోకే తోసేశాడు.
వల్లి గుడి నుంచి తెచ్చుకున్న పొంగలి
బాదం ఆకులో కట్టింది కట్టినట్టే ఉంది.
ఎవరూ ఒట్టేసుకోలేదు, చెప్పుకోలేదు.
నాకూ ఎందుకో టీ పెట్టుకోబుద్ధి కాలేదు.
భక్తి కాదు సుమా,
వాళ్ళ ముందు తాగడానికి సిగ్గేసింది.

ఆకలి మర్చిపోడానికేమో
నా ఒడిలోని లేసు ముక్కని లాక్కుని
ఆకాశానికి ఎత్తి చూసింది కౌసర్.
"అత్తా! పువ్వున్న చోట దారం లేదు!"
నిజమే.
దారం చుట్టూ తిరిగొచ్చింది గాని
పువ్వంతా చిల్లే.
ముప్పై ఏళ్ళుగా చిల్లులల్లి పొట్ట పోసుకుంటున్నదాన్ని,
ఆ మాట నాకెవరూ చెప్పలేదు.
వల్లి ఆ పువ్వులోంచి రేవు చూసింది.
తిమోతి నన్ను చూసి
అత్త మొహం నక్షత్రాల్లో ఇరుక్కుందని నవ్వాడు.

సాయంత్రం పొద్దు ఎప్పుడు దిగిందో కనపడలేదు.
చర్చి మీద వెదురుపుల్లల నక్షత్రంలో
బల్బు వెలిగింది, అరవై వాట్ల మసక.
గుళ్ళో గంట కొట్టారు.
ఇంకా కాదు, ఇంకా కాదు అంటూ కౌసర్
రెండు చేతుల్లో ఖర్జూరం పట్టుకు కూర్చుంది.
ఆ ఇద్దరూ దాని మోకాళ్ళకి ఆనుకుని
ఊపిరి బిగబట్టారు.
ఒక్క చప్పుడు కోసం అంతగా చెవి ఒగ్గడం
నాకెన్నడూ చేతకాలేదు.

మసీదు సైరన్ మోగింది.
ఖర్జూరాలు, చల్లారి ముద్దయిన పొంగలి,
నాలుగు ముక్కలైన జామకాయ.
మిరియాలు మాత్రం ఏరి అరుగంచున పెట్టారు;
మిరియాల దగ్గర ముగ్గురిదీ ఒకే మతం.

వాళ్ళు వెళ్ళాక అరుగు ఊడుస్తుంటే
సూదుల డబ్బా మీద ఒక ఖర్జూరం.
ఇది ఆయనకి, అని వెళ్తూ వెళ్తూ అరిచింది కౌసర్.
ఏ ఆయనకో నేనడగలేదు.
తుపాను రోజున వేటకెళ్ళి రాని ఆయనకా,
నేను అలిగిన ఆయనకా?

చీమలు పడతాయని రాత్రే తినేశాను.
గింజ ఇప్పటికీ డబ్బాలోనే ఉంది,
సూదుల మధ్య.
మూత తీసినప్పుడల్లా
చిన్నగా చప్పుడు చేస్తుంది.